నెరియో గట్టఫోని పేరున సున్నా

ఇటలీ బాస్కెట్‌బాల్ మొదటి డివిజన్‌లో నెరియో గట్టఫోని ఏడు మ్యాచ్‌లు ఆడాడు. ఏడూ కలిపితే పదకొండు నిమిషాలు. పాయింట్ల గడిలో అతని పేరుకెదురుగా సున్నా ఉంది. ఆ సున్నా తప్పని మా ఊళ్ళో మూడు వేల మందికి తెలుసు, కళ్ళారా చూశారు కనుక. అయినా అది చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. చూసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. సున్నాకి ఆ బాధ లేదు.

మా ఊరు పోర్తో సాన్ వెనాన్జియోలో ఆ రోజుల్లో రెండే తయారయ్యేవి: బూట్లు, పొడుగాటి మగపిల్లలు. బూట్లు ఎక్కడెక్కడికో ఎగుమతి అయ్యేవి. పొడుగాటివాళ్ళు మాత్రం చర్చి వెనకాల సిమెంటు కోర్టులో పోగుపడేవారు. పద్నాలుగేళ్ళకే మీటరూ తొంభై ఉన్న నెరియోని అక్కడే క్లబ్బువాళ్ళు చూశారు. బూటు అడుగులు కోసే పనిచేసే తండ్రిని పిలిచి, ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. దాని ప్రకారం ఆటగాడు క్లబ్బుకి చెందుతాడు. ఎన్నాళ్ళు అన్న ప్రశ్నకి ఆ కాగితంలో చోటు లేదు. మరుసటి ఏడే దేశంలో విడాకుల చట్టం వచ్చింది కానీ, అది భార్యాభర్తలకే పరిమితమైంది.

అతని పద్దెనిమిదో ఏట మొదలైన మహాప్రస్థానం పదమూడేళ్ళ పాటు తొమ్మిది ఊళ్ళ మీదుగా సాగింది. ప్రతి వేసవిలోనూ క్లబ్బు అతన్ని ఏదో ఒక చిన్న ఊరికి ఏడాదికి అరువిచ్చేది. ఒకసారి కొండల్లో ఉన్న ఒక క్లబ్బు అతన్ని తీసుకుని, బదులుగా తొమ్మిది సీట్ల పాత వ్యాను ఇచ్చింది. ఏడాది గడిచాక నెరియో తిరిగొచ్చాడు. వ్యానుని మాత్రం మావాళ్ళు తిప్పి పంపలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అవసరమో దాంతో ఊరికి అర్థమైంది.

ఆట చెడ్డది కాదు. అతని ప్రత్యేకత ఏమిటంటే, తోటివాడు తీరిగ్గా బంతి వేసుకునేలా ఎదుటివాడికి అడ్డంగా గోడలా నిలబడటం. గుద్దుకున్నవాళ్ళు గోడని తిట్టేవారు, బంతి వేసినవాడి పేరు పేపర్లో పడేది. మూడో ఊళ్ళో అతనికి ఫియొరెల్లా తారసపడింది. బూట్ల కార్ఖానాలో తోలు కుట్టే మిషను మీద పనిచేసేది. పెళ్ళికి ముందు ఆమె చూసిన మ్యాచ్ ఒక్కటే.

"రెండు గంటలసేపు నువ్వు అడ్డంగా నిలబడ్డావు. దానికి నీకు జీతమిస్తారా?" అని అడిగింది.

"ఇస్తారు."

"మరి మా ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో అదే పని ఊరికే చేస్తున్నావే!"

మొదటి డివిజన్‌లో ఆడాలని ప్రతివాడికీ ఉంటుంది. నెరియో కోరిక అంతకన్నా చిన్నది, అందుకే మరీ మొండిది. ప్రతి శరదృతువులోనూ బాస్కెట్‌బాల్ సమాఖ్యవాళ్ళు ఒక లావుపాటి పుస్తకం వేస్తారు. మొదటి డివిజన్‌లో కాలుపెట్టిన ప్రతి ఆటగాడి పేరూ, ఊరూ, ఎత్తూ, ఆడిన మ్యాచ్‌లూ, వేసిన పాయింట్లూ అందులో ఉంటాయి. అందులో తన పేరు పక్కన ఒక అంకె పడాలన్నది అతని ఆశ.

"ఒక్క బాస్కెట్ చాలు. రెండు పాయింట్లు. ఆ తర్వాత గోడగానే పోతాను," అనేవాడు ఫియొరెల్లాతో.

"సున్నా కూడా అంకేగా?"

"సున్నా అంటే బస్సులో ఊరికే వచ్చినవాడని, ఫియొరెల్లా."

పందొమ్మిది వందల ఎనభై ఆరులో మా క్లబ్బు ఎవరూ ఊహించని విధంగా మొదటి డివిజన్‌కి ఎగబాకింది. అక్కడి నియమం ప్రకారం స్కోరు షీటు మీద పది పేర్లుండాలి, వాటిలో విదేశీయులు ఇద్దరికి మించకూడదు. ఇద్దరు అమెరికన్లని తెచ్చారు. ఎనిమిది మంది ఇటాలియన్లు కావాలి. ఏడుగురు దొరికాక డబ్బూ ఓపికా కలిసి అయిపోయాయి. ఎనిమిదోవాడు ఎలాగూ మనవాడేనని ఎవరికో గుర్తొచ్చింది. ముప్ఫై ఒక్కేళ్ళ నెరియోని కోచ్ బ్రునోరి పిలిపించాడు.

"నెరియో, నిన్ను ఉంచుకుంటున్నాం."

"ఆడిస్తారా కోచ్?"

"ఉంచుకుంటున్నాం అన్నాను."

పదో ఆటగాడి కుర్చీ బెంచికి చిట్టచివర, స్కోరు రాసేవాళ్ళ బల్లకి ఆనుకుని ఉండేది. ఆ బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఎర్మెతె కూర్చునేవాడు. వారం పొడుగునా మునిసిపల్ ఆఫీసులో జనన మరణాలు రాసే గుమాస్తా. ఆదివారం సాయంత్రం బంతి లెక్క రాసేవాడు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఆఫీసు పుస్తకంలో ఒక్క పుట్టుకనీ అతను తప్పు రాసి ఎరగడు. ఆదివారపు పుస్తకం గురించి అంత గట్టిగా చెప్పలేం. కారణం మా ఆచారం.

మా దేశంలో ఒక మ్యాచ్‌లో జట్టు నూరో పాయింటు ఎవడు వేస్తే వాడు తర్వాతి ప్రాక్టీసుకి అందరికీ పేస్ట్రీలు తేవాలి. కోచ్, మసాజు చేసేవాడు, హాలు ఊడ్చేవాడు, అందరికీ. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ తప్పించుకోరు. అందుకే తొంభై ఎనిమిది దగ్గర మహా మహా షూటర్లకి కూడా హఠాత్తుగా ఇతరుల మీద ప్రేమ పుట్టుకొస్తుంది. బంతి చేతులు మారుతూనే ఉంటుంది. మా ఊళ్ళో దీనికి ఇంకో సౌకర్యం కూడా ఉండేది. నూరోది వేసిన పేదవాడు బెంచి వైపు కన్ను గీటితే, నెరియో పక్కకి వంగి ఎర్మెతె చెవిలో, "అమెరికావాడి మీద రాయండి, వాడికి జీతం ఎక్కువ," అనేవాడు. ఎర్మెతె ముఖంలో ఏ మార్పూ లేకుండా లెస్టర్ పైక్ నంబరు రాసేవాడు. లెస్టర్ ఒహాయో నుంచి వచ్చిన దొడ్డమనిషి. తను వేయని బాస్కెట్లకి ఆ ఏడాది నాలుగుసార్లు పేస్ట్రీలు తెచ్చాడు, ప్రతిసారీ తన జ్ఞాపకశక్తినే అనుమానించాడు. రిఫరీలు సంతకం పెట్టేవారు. మొత్తం సరిపోయిందా లేదా అన్నదే వాళ్ళు చూసేది.

సీజను జరుగుతోంది. నెరియో ఆరుసార్లు కోర్టులోకి వెళ్ళాడు. అన్నీ మ్యాచ్ తేలిపోయాక మిగిలే చివరి నిమిషాలు. ఒకసారి బంతి రింగు మీద మూడు చుట్లు తిరిగి, బాగా ఆలోచించుకుని బయటికి పడింది. ఇంకోసారి లోపలికే పడింది, కానీ అప్పటికి సగం క్షణం ముందు హారన్ మోగింది. మర్నాటి పేపర్లో ప్రతిసారీ అతని పేరు పక్కన సున్నాయే. డిసెంబరు తర్వాత అతను ఆ పేజీ తిప్పడం మానేశాడు. ఇక జట్టు సంగతి. చివరి మ్యాచ్‌కి మూడు వారాలు ఉండగానే కింది డివిజన్‌కి దిగిపోవడం ఖాయమైంది. ఊరు దాన్ని దగ్గరి బంధువుల చావులా భరించింది: రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు తప్పు ఎవరిదని కొట్లాడుకుంది.

ఆఖరి మ్యాచ్ ముందు గురువారం బ్రునోరి ఒక కవరు ఇచ్చాడు. నెరియో పద్నాలుగో ఏట తండ్రి సంతకం పెట్టిన కాగితం అందులో ఉంది.

"ఇక నువ్వు స్వతంత్రుడివి," అన్నాడు.

అంటే వచ్చే ఏడాది అక్కర్లేదని. పద్దెనిమిదేళ్ళ తర్వాత నెరియో గట్టఫోని నెరియో గట్టఫోనికే చెందాడు. అప్పటికి అతన్ని కావాలనేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

"ఆదివారం నాకు రెండు నిమిషాలివ్వండి కోచ్. గెలుస్తున్నా సరే, ఓడుతున్నా సరే," అన్నాడు.

బ్రునోరి తన బూట్ల వంక చూసుకుంటూ, "ఇస్తాను," అన్నాడు.

ఏప్రిల్ ఆదివారం. ప్రత్యర్థులు ఉత్తరాది నుంచి వచ్చిన కాస్తెల్వేరో జట్టు. వాళ్ళకి గెలిచినా ఓడినా ఒకటే, మాకూ అంతే. అందుకే ఆ ఏడాదిలోకల్లా అద్భుతమైన ఆట ఆ రోజు ఆడాం. చివరి రెండు నిమిషాలకి మాకు తొంభై ఆరు, వాళ్ళకి ఎనభై. బ్రునోరి మాట నిలబెట్టుకున్నాడు. పదిహేనో నంబరు జెర్సీలో నెరియో లేచేసరికి హాలంతా లేచింది. ఎవరికి ఏం కావాలో అందరికీ తెలుసు.

నెరియో వేసిన మొదటి బంతి రింగుకి తగిలి వెనక్కొచ్చింది. దాన్ని లెస్టర్ పట్టుకుని, పక్కనే రింగు ఉన్నా వేయకుండా మళ్ళీ నెరియోకే ఇచ్చాడు. అది కూడా తగిలి వెనక్కొచ్చింది. ఈసారి విసుగెత్తిన మరొకడు తనే వేసేశాడు. తొంభై ఎనిమిది. హాలు ఆ పాపిని ఈలలతో సత్కరించింది. ఇరవై సెకన్లు మిగిలాయి. బంతి కెప్టెన్ సావురో చేతిలో ఉంది, ఎదురుగా ఖాళీ రింగు. అతను వేయలేదు. అందులో స్నేహం ఎంతో, పేస్ట్రీల భయం ఎంతో మనం తవ్వొద్దు.

"నెరియో! ఒరేయ్, ఇటు రా!" అని అరిచి బంతి విసిరాడు.

నెరియో రింగుకి ఎడమవైపు ఉన్నాడు. ఎదుటివాళ్ళలో ఒకడు చెయ్యి లేపినట్టు లేపి, పెద్దమనసుతో దించేశాడు. భుజం మీదుగా ఒక చిన్న వంపు, బంతి బోర్డుకి తగిలి, శబ్దం లేకుండా వలలోంచి జారింది. బోర్డు మీద నూరు. మూడు వేల మంది ఒక్క గొంతుతో అతని పేరు అరిచారు. చేతులు పైకెత్తడం అతనికి అలవాటు లేదు. ఎత్తి, సగంలో ఏం చేయాలో తోచక మళ్ళీ దించాడు.

సోమవారం పొద్దున్నే ఫియొరెల్లా పేపరు కొనడానికి వెళ్ళింది. కొట్టు బయటే నిలబడి ఆటల పేజీ తిప్పింది. పైక్ ముప్ఫై మూడు. గట్టఫోని సున్నా. పేపరువాళ్ళ అచ్చుతప్పు అనుకుంది. రేపు ఎవరో ఒకరు దిద్దుతారు, ఈ ఒక్కరోజూ అతని సంతోషం పాడుచేయడమెందుకని, పేపరు పక్కవీధి చెత్తడబ్బాలో పడేసి వచ్చింది.

"పేపరేది?" అన్నాడు నెరియో.

"అయిపోయాయట. మీ క్లబ్బు గెలిచిందిగా, ఎగబడి కొన్నారు."

"పోనీలే. నాకు తెలియనిదేముంది అందులో?" అని రెండో కప్పు కాఫీ అడిగాడు. అతను రెండో కప్పు అడగడం ఆమె పెళ్ళయిన కొత్తలో చూసింది, మళ్ళీ ఇప్పుడే.

మంగళవారం ఆటగాళ్ళంతా జట్టు బట్టలు తిరిగి ఇచ్చే రోజు. ఊళ్ళోకల్లా మంచి దుకాణం నుంచి నెరియో అరవై పేస్ట్రీలు తెచ్చాడు. సగం కోడిగుడ్డు క్రీము, సగం చాక్లెట్, పైన బంగారు రంగు దారంతో కట్టిన అట్టపెట్టె. దాన్ని రెండు చేతుల మీద దేవుడి పల్లకీలా మోసుకొస్తుంటే, హాలు గుమ్మం దగ్గర ఎర్మెతె ఎదురయ్యాడు. పెట్టెని చూసి అతని మొహం వాడిపోయింది.

"అదేంట్రా? ఎందుకు తెచ్చావ్ ఇవి?"

"నూరోది నాదేగా, ఎర్మెతె గారూ!"

ఎర్మెతె అటూ ఇటూ చూసి, మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాగాడు. "పిచ్చివాడా, నన్నొక మాట అడగొద్దూ? నేను చూసుకున్నాను. నీ మీద పడనివ్వలేదు."

"ఏం పడనివ్వలేదు?"

"నూరోది. లెస్టర్ మీద రాసేశాను. ఎప్పుడూ నువ్వే కదా అందరి కోసం అడిగేవాడివి, నీ కోసం అడగడానికి ఆ రోజు బెంచి మీద ఎవరున్నారు? సోమవారం నుంచి జీతం లేనివాడివి, అంతమందికి మిఠాయిలు ఎక్కణ్ణించి తెస్తావని, నేనే..."

నెరియో పెట్టె కింద పెట్టలేదు. మోస్తూనే ఉన్నాడు.

"నంబరు ఎంత రాశారు?"

"పది. లెస్టర్‌ది."

"పదిహేను కాదు."

"కాదన్నానుగా, భయపడకు," అంటూ ఎర్మెతె అతని మొహంలోకి చూశాడు. అప్పుడు ఎక్కడో ఏదో తప్పు జరిగిందని అతనికి తోచింది. ముందు అదేమిటో అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. "ఓరి దేవుడా," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నూరో పాయింటు అంటే అతనికి మిఠాయిల బిల్లే. అది ఎవరికైనా కావాల్సిన వస్తువు అయ్యుంటుందని ఎప్పుడూ తట్టలేదు.

ఇద్దరూ కలిసి క్లబ్బు సెక్రటరీ తొంబొలీని గదికి పరిగెత్తారు. పెట్టె కూడా వెంట వెళ్ళింది. తొంబొలీని నియమావళి తీసి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"స్కోరు షీటు మీద అభ్యంతరం ఉంటే మ్యాచ్ మర్నాడు సాయంత్రం ఆరు గంటల్లోపు తెలపాలి."

"అంటే నిన్న," అన్నాడు ఎర్మెతె.

"నిన్నే. నిన్న ఒక్క ఫోను చేసుంటే లెస్టర్‌ని, సావురోని పిలిచి సంతకాలు పెట్టించి పంపేవాణ్ణి. వాళ్ళు కాదంటారా? నెరియో, నిన్నటి పేపరు చూళ్ళేదా నువ్వు?"

"అయిపోయాయట."

"అయిపోవడమేంటి? కిందికి దిగిపోయిన జట్టు పేపరు ఎవడు కొంటాడయ్యా? మధ్యాహ్నానికి కూడా కొట్లో కట్ట తరగలేదు."

నెరియో పెట్టె తీసుకెళ్ళి బట్టలు మార్చుకునే గదిలో విప్పాడు. అందరూ తిన్నారు. లెస్టర్ ఐదు తిని, ఈసారి తను తేనక్కర్లేకపోయినందుకు దేవుడికి ధన్యవాదాలు చెప్పాడు. అతనికి సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి ఫియొరెల్లా భోజనాల వేళ దాటిందని కోపంగా ఉంది. అతని మొహం చూసి కోపం మానేసింది.

"తెలిసిందా?" అంది.

"తెలిసింది."

"పేపరువాళ్ళ తప్పనుకున్నాను. నువ్వు బాధపడతావని..."

"బాధే పడ్డాను. ఒకరోజు ఆలస్యంగా."

ఆమె ఏడ్చింది. అతను పక్కన కూర్చున్నాడు. తర్వాత ముప్ఫై ఏళ్ళలో ఆ విషయం వాళ్ళిద్దరి మధ్యా మళ్ళీ రాలేదని ఫియొరెల్లాయే చెప్పింది. ఒకళ్ళ మంచి కోసం ఇద్దరు పని చేశారు, ఎవరిని తిట్టుకోవాలో తేలలేదు. పగవాళ్ళయితే ఎంత బాగుండేది.

ఎర్మెతె ఊరుకోలేదు. నిజం ఒప్పుకుంటూ రోమ్‌లోని సమాఖ్యకి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు, ముత్యాల్లాంటి అక్షరాలతో. జవాబు మూడు వాక్యాలు. ఇద్దరు రిఫరీలు సంతకం చేసిన షీటే ప్రమాణం. గడువు ముగిసింది. ఇకపై శ్రీ ఎర్మెతె సేవలు అవసరం లేదు. ఆ శరదృతువులో పుస్తకం వచ్చింది. నెరియో కొట్టుకెళ్ళి, నిలబడే చూసి, ఉన్నచోటే పెట్టేసి వచ్చాడు.

తర్వాత అతను బూటు అడుగుల గిడ్డంగిలో చేరాడు. ఎత్తు అక్కడ పనికొచ్చింది, పై అరలకి నిచ్చెన అక్కర్లేదు. సాయంత్రాలు ఎర్మెతెతో కలిసి బారులో పేకాట ఆడేవాడు. ఇద్దరూ ఎప్పుడూ ఒకే జట్టు. లెక్క రాసే పలకని మాత్రం ఎర్మెతె ముట్టుకునేవాడు కాదు, ఎవరు ఎంత బతిమాలినా. మొదట్లో ఆ నూరో పాయింటు గురించి బారులో అందరూ మాట్లాడేవారు. తర్వాత కొందరు. ఇంకొన్నాళ్ళకి కొత్తవాళ్ళు వచ్చారు. "పుస్తకంలో సున్నా ఉందే తాతా?" అని ఒకడు అన్నాడు. ఎర్మెతె లేచి ఏదో చెప్పబోతే నెరియో, "మీ వంతు, ముక్క వెయ్యండి," అన్నాడు. ఎర్మెతె పోయాక ఆ సాక్ష్యం కూడా పోయింది.

మూడేళ్ళ కిందట క్లబ్బుకి డెబ్భై ఏళ్ళు నిండాయని ఒక చిన్న పుస్తకం వేయాలనుకున్నారు. ఆ పని మీద హైస్కూల్లో సాహిత్యం చెప్పే సిల్వానా మొరికోని అచ్చు కాగితాలు పట్టుకుని గట్టఫోనీల ఇంటికి వెళ్ళింది. కథ ఎవరో చెప్పగా విన్నదట.

"ఇది మా సొంత పుస్తకమండీ, రోమ్ ఆమోదం అక్కర్లేదు. రెండు అని వేసేద్దాం. మీరు ఊఁ అనండి చాలు," అంది.

"వెయ్యమ్మా, రెండు వెయ్యి!" అంది ఫియొరెల్లా వంటింట్లోంచి, గట్టిగా. ముప్ఫై ఏళ్ళు ఆగిన గొంతు అది.

నెరియో కళ్ళజోడు పెట్టుకుని కాగితం దగ్గరగా పట్టుకున్నాడు. లెస్టర్ పైక్ పేరు పైవరుసలో ఉంది. పుట్టిన ఏడూ, పోయిన ఏడూ. ఒహాయోలో గుండెపోటు.

"నాకు రెండు వేస్తే మొత్తం కలవదు. ఇతని దగ్గర తీయాలి."

"తీస్తే ఏంటి?" అంది ఫియొరెల్లా గుమ్మంలోకొచ్చి. "అతనివి కావుగా! నీవేగా!"

"నావే. కానీ అతను నాలుగుసార్లు ఊరికే పేస్ట్రీలు తెచ్చాడు, మా వల్ల. ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు పోయినవాడి జేబులో చెయ్యి పెట్టమంటావా?"

"మరి నీ సంగతో?"

నెరియో కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఫియొరెల్లా వంటింట్లోకి వెళ్ళి, గిన్నెల మీద కసి తీర్చుకుంది. సిల్వానా కాఫీ ముట్టకుండానే కాగితాలు సర్దుకుంది.

"పోనీ, మార్చాల్సింది ఇంకేమైనా ఉందా?" అని లేస్తూ అడిగింది, ఏదో ఒకటి అడగాలి కనుక.

నెరియో ఇంకోసారి చదివాడు. "ఎత్తు తప్పు పడింది. మీటరూ తొంభై తొమ్మిది కాదు. రెండు మీటర్ల ఒక సెంటీమీటరు."

సిల్వానా అక్కడే ఎర్రసిరాతో దిద్దింది. పుస్తకంలో అది సరిగ్గానే అచ్చయింది. ఆమెని సాగనంపడానికి లేచి గుమ్మం దాకా వచ్చినప్పుడు చూస్తే, నడుము వంగి, అతను ఇప్పుడు అంత ఎత్తు లేడు.